సాహసము, స్వనిర్ణయము: బుచ్చమ్మ, మధురవాణి, రాజేశ్వరి

‘సాహసము’ అను పదమునకు నేడు లోకమున గౌరవార్థమే మిక్కిలిగా వినబడుచున్నది. ధర్మశాస్త్రములయం దది నేరముల పట్టికలోని మాట. మనునారదాది స్మృతికర్తలు వ్యవహారపదములను లెక్కించునపుడు బలదర్పమున చేయు దుష్కృత్యములకు సాహసమను పేరిడి యొక ప్రత్యేకస్థానము నొసగిరి. కిరాతార్జునీయమున ద్వితీయసర్గయందు భీమసేనుని తొందరను వారించుచు ధర్మరాజు చెప్పిన హితమును ఈ కోవకు చెందినదే. ఆలోచింపక చేసిన పని యాపదలకు నెలవని యాతని మతము. తెలుగున పెద్దనార్యుని ప్రవరుడు పాదలేపమును నమ్మి హిమాలయమున కేగి, ఆ పసరు మంచునకు కరగిపోగా ఇల్లు చేరు దారి గానక చిక్కుపడినాడు. ప్రాచీనకావ్యలోకమున ఇల్లు విడుచుట యనగా, ఇంటికి మరలి వచ్చుట కొఱకే. తిరిగి రాకుండుటకై గడప దాటువారు ఆధునిక సాహిత్యమున గాని మనకు స్పష్టముగా కనబడరు.

ఈ వ్యాసమున మేము పరిశీలింప దలచినది అట్టి ముగ్గురు స్త్రీలను: కన్యాశుల్కమునందలి బుచ్చమ్మను, మధురవాణిని, మైదానమునందలి రాజేశ్వరిని. వీరిని గుఱించి వ్రాసినవారు పెక్కుమంది కలరు. అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. పరీక్షాపత్రములయందును, పరిశోధనవ్యాసములయందును ‘గడప దాటినది కావున స్వతంత్రురాలు’ అను వాక్యము ఏదో యొక రూపమున తఱచుగా మాకు తటస్థించుచుండును. గడప దాటుట కాళ్ళు చేయు పని. ఆ నిర్ణయ మెవరిది, దాని వెల నామె ముందుగా నెఱుగునా, ఆ వెలను చివర కెవరు చెల్లించిరి అను ప్రశ్నలు వేయనిచో, లేచిపోయిన ప్రతి నాయికయు వీరనారియే యగును.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో దాదాపు క్రొత్త నాటకమనదగినంతగా పెరిగి మరల వెలువడినది. ఈ వ్యాసమునకు మేము గ్రహించినది ఈ రెండవ కూర్పు. విశాఖపట్టణ మండలమున మూడేండ్ల కాలమున జరిగిన కన్యాశుల్క వివాహములను ఆనందగజపతి మహారాజు లెక్కింపించగా, తేలిన సంఖ్య 1034 అనియు, వానిలో ఐదేండ్ల పిల్లల పెండ్లిండ్లు 99 అనియు గురజాడవారే తొలికూర్పు పీఠికలో చెప్పిరి. ఏడాది నిండిన పసికందులును ఆ పట్టికలో ముగ్గురు కలరు. ఇట్టి పెండ్లిండ్ల ఫలమే బుచ్చమ్మ. భర్త యెవరో సరిగా నెఱుగకమున్నే విధవ యైన యువతి యామె.

బుచ్చమ్మ గిరీశముతో వెడలిపోవుటను కొందఱు స్వేచ్ఛాభిలాషకు గుర్తుగా చెప్పుదురు. నాటకము నందుల కనువుగా చదువుట కష్టము. విధవావివాహము శాస్త్రసమ్మతమని గిరీశము వెంకటేశమున కుపన్యసించుచున్నట్లు నటించుచు ఆమె చెవిన వేయును. ఆమె విన్నది, తర్కించినది, సందేహించినది. ఆమె మందమతి గాదు. కాని యా తర్కములతో నామె కదలలేదు. ఆమెను కదలించినది సుబ్బి పెండ్లి. తల్లి వెంకమ్మ నూతిలో దుమికినది. తండ్రి యగ్నిహోత్రావధానులు పట్టిన పట్టు వీడలేదు. చెల్లెలు ముసలి లుబ్ధావధానులకు అమ్ముడుపోవుట నిశ్చయమైనది. తాను లేచివచ్చినచో ఆ పెండ్లి ఆగిపోవునని గిరీశము చెప్పిన మాట యొక్కటే బుచ్చమ్మకు తగిలినది. అనగా నామె గడప దాటినది తన బ్రతుకు కొఱకు గాదు, చెల్లెలి బ్రతుకు కొఱకు. దీనిని త్యాగమనవచ్చును, మేము మనఃపూర్వకముగ నట్లే యందుము. స్వనిర్ణయ మనుటకు మాత్రము వెనుదీయుదుము. తన కొఱకై ఒక కోరిక కోరుటకు తావు లేని యింట పెరిగిన పిల్లకు, పరుల కొఱకై కోరుట యొక్కటే యనుమతింపబడిన కోరిక. ఆ సంగతి నెఱిగి గిరీశ మా తాళపుచెవినే వాడినాడు.

ఇక వెల మాట. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినపుడు వంటవారు, నీళ్ళు తెచ్చువారు సైతము దొఱకకుండునట్లు వెలివేత సాగినది. అట్లు పెండ్లాడిన దంపతులకు ఇల్లు, తిండి, పని సమకూర్చుట పంతులుగారికి పెండ్లి జరిపించుటకంటె పెద్ద పనియైనది. ఈ చరిత్రము గిరీశమునకు తెలియనిది గాదు. వీరేశలింగముగారి పేరు వాని నోట నాడుచునే యుండును. కాని యా వెలివేతను గుఱించి గాని, తనకు జీవనాధారము లేదన్న మాట గాని, పూటకూళ్ళమ్మతోడను మధురవాణితోడను తనకు గల పూర్వసంబంధమును గాని వాడు బుచ్చమ్మకు చెప్పలేదు. తానెఱుగని యాపద నొకరు తలకెత్తుకొనిరనుట భాషకే విరుద్ధము. ఆ యాపద నామె తలపై పెట్టినవాడు వేఱొకడు.

తుదకు సౌజన్యారావు పంతు లామెను పూనాలోని వితంతుశరణాలయమునకు పంప నిశ్చయించును. అది మంచి నిర్ణయమే. గిరీశము చేతినుండి యామె తప్పినది. అయినను ఆ నిర్ణయము వెలువడు వేళ రంగమున బుచ్చమ్మ లేదు. తండ్రి యొక పెండ్లి నిర్ణయించెను, గిరీశ మొక లేవదీత నిర్ణయించెను, సంస్కర్త యొక విద్యాలయమును నిర్ణయించెను. ఈ వరుసను గురజాడవారు బుద్ధిపూర్వకముగనే కూర్చిరని మా నమ్మకము. సంస్కరణ పక్షమున నిలిచిన రచయిత తన పక్షపు లోపమును కప్పిపుచ్చలేదు.

మధురవాణి కథ వేఱు. ఆమెను గుఱించి ‘సౌజన్యారావుగారి సాంగత్యమున పరివర్తన చెందిన వేశ్య’ అను మాట విమర్శలోకమున నిలదొక్కుకొన్నది. మే మిందుకు సమ్మతింపజాలము. విశాఖపట్టణము చేరుటకు చాల ముందే, రామచంద్రపురమున నుండగనే, కరటకశాస్త్రి వచ్చి తన మేనకోడలు సుబ్బిని కాపాడుమని వేడగా నామె యంగీకరించినది. మగపిల్లవానికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లి చేయు కుట్రలో చేరుట వలన నామెకు గలుగు లాభ మేమియు లేదు. బయటపడినచో రామప్పపంతులు పగ, దానివెనుక పోలీసులు, కోర్టులు. అట్లయ్యు చేరినది. అప్పటికి సౌజన్యారావు ఆమె యెదుటికి రానేలేదు. పరివర్తన జరిగినదను వారు ఈ ఘట్టము నేమి చేయుదురో మాకు బోధపడలేదు.

మధురవాణికి బుచ్చమ్మకు లేనిదొకటి కలదు: తన గడప తనది. గిరీశమును వదలినపుడును, రామప్పపంతుల నొప్పుకొనినపుడును మాటలాడి, షరతులు నిర్ణయించి చేసినది. కంటె తెచ్చియిచ్చువఱకు లోనికి రావలదని పంతులుకు తలుపు మూసిన ఘట్టమును హాస్యముగా చూచి నవ్వి యూరకుందుము. అట్లు తలుపు మూయగల స్త్రీ యా నాటకమున ఇంకొకతె యేది? లుబ్ధావధానుల కూతురు మీనాక్షి, విధవయై పుట్టినింట నున్నది, అదే పంతులు మాట నమ్మి నలుగురిలో నగుబాటు పాలయినది. వెంకమ్మకు తన కూతురి పెండ్లి నాపుటకు నుయ్యి తప్ప వేఱు ఉపాయము తోచలేదు. కళావంతుల కుటుంబములలో ఆస్తి స్త్రీసంతతికి సంక్రమించుటను చెన్నపురి న్యాయస్థానములు సైతము గుర్తించినవి. కులస్త్రీలకు దుర్లభమైన ఆ యార్థికస్థితియే మధురవాణి నోటికి బలము. గురజాడవారి కొక స్వతంత్రబుద్ధి గల స్త్రీ కావలసివచ్చినపుడు అగ్రహారమున వెదకి లాభము లేకపోయినది. (మధురవాణి మాటలను గుఱించి ఈ గ్రాంథికమున వ్రాయుట కొంత వింతయే. 1914లో విశ్వవిద్యాలయమునకు అసమ్మతిపత్రము వ్రాసిన గురజాడవారు మా వాక్యములను మెచ్చరని మే మెఱుగుదుము.)

ఇప్పుడు సౌజన్యారావు గృహఘట్టము. వేశ్యలను గడప త్రొక్కనీయని వ్రతము గల న్యాయవాది యింటికి ఆమె పురుషవేషమున రాత్రివేళ పోయినది. ఎవరును పంపలేదు. హత్యాభియోగమున చిక్కిన లుబ్ధావధానులను తప్పించుటకు వలయు రహస్య మామె చేత నున్నది. దానికి వెలగా నొక ముద్దు కోరినది. పరుని ప్రాణము కాపాడుటకై పంతులు తన వ్రతభంగమునకు సిద్ధపడగా, చివరి క్షణమున నామెయే వారించినది. చెడనివారిని చెడగొట్టరాదని తన తల్లి చెప్పినదట. ఈ ‘తల్లి మాట’ను మేము మిక్కిలి ముఖ్యముగా నెంచుదుము. ఆమె ధర్మము సౌజన్యారావు నేర్పినది గాదు. వృత్తితోపాటు తల్లివలన వచ్చినది. పంతులు పిదప భగవద్గీత నిచ్చినాడు. ఇవ్వవచ్చును, కాని యామె చేయవలసినదంతయు చేసిన తరువాత ఆ గ్రంథము చేతికి వచ్చినదని గమనింపవలెను.

ఆ రాత్రి యామె పణముగా నొడ్డిన దేమి? శిష్యుని రహస్యము చెప్పుట యనగా మోసపు పెండ్లిలో తన పాత్రను ఒక న్యాయవాది యెదుట నొప్పుకొనుట. వేషము తీసివేయుట యనగా, తన్ను గౌరవింపని వాని యింట తానెవరో చెప్పుట. వీనిలో నొక్కటియు ఆవేశమున చేసినది కాదు. ప్రతి మెట్టునను వెల తెలిసియే చేసినది. ధర్మరాజు సైతము దీనిని ఆలోచింపని పని యనజాలడు.

రాజేశ్వరి వచ్చుసరికి కాలము మాఱినది. చలముగారి మైదానము 1927 నాటిది. పేరున్న ప్లీడరు భార్య, తిండికిని బట్టకును లోటు లేని గృహిణి, ఉన్నదున్నట్లు విడిచి అమీరను మహమ్మదీయునితో కొండల నడుమ నదీతీరపు బయలునకు పోయినది. ఇది బుచ్చమ్మ గమనమువంటిది కాదు. ఇందు మోసము లేదు, తెలియక చేసినదియు లేదు. అంతకంటె ముఖ్యము, తన కథను తానే చెప్పుకొనుచున్నది. బుచ్చమ్మ వెడలుటను మనము పరుల నోట విందుము. రాజేశ్వరి కథలో పరుల నోటికి చోటు లేదు. ఉత్తమపురుషకథనము ఈ నవలకు కేవలశిల్పము కాదు. దాని వాదమునకు ప్రాణము.

మైదానమును దూషించినవారు అవినీతి యనిరి. పొగడినవారు స్వేచ్ఛ యనిరి. ఇరుపక్షములవారును ఆమె యిల్లు విడిచిన చోటనే యాగిపోయిరని మాకు తోచును. అటు తరువాతి కథయే కష్టమైనది. భర్త యధికారము తొలగిన చోట అమీరు ఇచ్ఛ వచ్చి కూర్చున్నది. వాడు వేఱొక పిల్లను కోరి కృశించునపుడు దానిని సమకూర్చుటకు రాజేశ్వరియే పూనుకొన్నది. దీనిని ప్రేమకు పరాకాష్ఠగా వర్ణించిన విమర్శకులు కలరు. పాతివ్రత్యకథలలో భర్తను వేశ్యాగృహమునకు మోసికొని పోయిన ఇల్లాలి నెఱిగిన పాఠకుని కిది బొత్తిగా క్రొత్త దృశ్యము కాదు. చలముగారు పడగొట్టిన గుడిలోని విగ్రహము మైదానమున మరల నిలిచినదా యను సందేహ మిక్కడ తప్పదు. చలముగారి కీ సందేహము కలిగినదో లేదో చెప్పుట కష్టము; రాజేశ్వరి కంఠస్వరమున మాత్ర మక్కడక్కడ బీటలు వినబడును.

ఆమె గర్భవతి యైనపుడు ఆ బీట విచ్చినది. బిడ్డ వలదని అమీరు పట్టుపట్టెను, ఆమె కావలెననెను. అంతవఱకు వాని యిష్టమే తన యిష్టమని చెప్పుకొనుచు వచ్చిన స్త్రీ మొదటిసారి వాని కెదురుగా నిలిచినది. అతడు విడిచిపోయినను మాట మార్చుకొనలేదు. మా దృష్టిలో రాజేశ్వరి గడప దాటినది ఆ దినమున. ఇబ్సెను రచించిన 1879 నాటి నాటకములోని నోరాతో నామెను పోల్చుట పరిపాటి. ఆ నాటకము జర్మనీలో ఆడుటకై 1880లో ఇబ్సెనే మనసొప్పక వేఱొక ముగింపు వ్రాసి యిచ్చినాడు. అందు నోరా బిడ్డలను చూచి ఆగిపోవును. బిడ్డలకై ఆగుట పరాజయమని ఐరోపా విమర్శ నిర్ణయించినది. రాజేశ్వరి విషయమున బిడ్డను కోరుటయే తిరుగుబాటు. పోలిక తెచ్చువా రీ తేడాను గూడ తేవలెను.

నవలకు మే మారోపించు లోప మొకటి కలదు. బియ్యము, ఉప్పు, కూలి వంటి మాటల కందు చోటు తక్కువ. కంటె యొక్క తూకము సైతము కథలో భాగముగా చేసిన గురజాడవారి తరువాత, బ్రతుకుతెరువును ప్రకృతివర్ణనలో కరగించుట వెనుకడుగే. మైదానమున వెన్నెల కలదు. గడ్డు నెల యెట్లు గడచినదో పాఠకుడే యూహించుకొనవలెను. మధురవాణికి తలుపు మూయు శక్తి యెక్కడనుండి వచ్చినదో మనకు తెలియును. రాజేశ్వరి కట్టి తలుపే లేదు. కావున అమీరు వెడలిపోయినపుడు ఆమె నిలకడ యంతయు మనస్సు మీదనే యాధారపడవలసివచ్చినది. ఆమె పతనమునకు సంఘమును, అమీరును, ఆమె స్వభావమును కారణములుగా చూపినవారు ఈ చిన్న సంగతిని లెక్కకు తేలేదు.

బుచ్చమ్మ విషయమున ఇంకను చేయవలసిన పని మిగిలియున్నది. ఆమె మాటలు 1897 కూర్పున నెన్ని, 1909 కూర్పున నెన్ని, పెరిగిన చోట్ల నామె యడిగిన ప్రశ్నలు పెరిగినవా, గిరీశ మిచ్చిన సమాధానములు పెరిగినవా అనునది రెండు కూర్పులను ప్రక్కప్రక్కన నుంచుకొని సంభాషణ సంభాషణముగా సరిపోల్చి తేల్చదగినది. మధురవాణిపై వెలువడినన్ని వ్యాసములలో పదవవంతైన నామెపై వెలువడినట్లు మాకు కనబడదు. పరిశోధకవిద్యార్థులలో నెవరైన ఈ పనికి పూనుకొన్నచో, లేచిపోవుటకు ముందు ఆమె గిరీశము నడిగిన చివరి ప్రశ్నలనుండి ప్రారంభింప వలసినదిగా కోరుచున్నాము.