త్యాగయ్య నాటకాలను ఆడాలి

త్యాగరాజస్వామి (1767–1847) అనగానే మనకు పంచరత్న కీర్తనలు, పుష్య బహుళ పంచమి నాటి తిరువయ్యారు ఆరాధన గుర్తుకొస్తాయి. ఆయన యక్షగానాలు రాశారన్న సంగతి మాత్రం ఆ కీర్తనలు పాడేవాళ్లలోనే చాలామందికి పట్టదు. ప్రహ్లాద భక్తి విజయం అయిదంకాల నాటకం, అందులో 45 కీర్తనలు. నౌకాచరిత్రంలో 13 రాగాల్లో 21 కీర్తనలు. రెండింటిలోనూ పాటల నడుమ పద్యాలు, వచనాలు కథను నడుపుతాయి. కచేరీల్లో విడివిడిగా పాడీ పాడీ వీటిని కీర్తనల మూటలుగా మార్చేశాం. ఆడితే తప్ప వీటి సంగీతం పూర్తిగా అర్థం కాదు.

నౌకాచరిత్రాన్నే చూడండి. గోపికలు సింగారించుకొని కృష్ణుడితో యమునలో పడవ ఎక్కుతారు. తమంతటివారు లేరని మిడిసిపడతారు. ఇంతలో గాలివాన, పడవకు చిల్లి. కట్టుబట్టలతోనే ఆ చిల్లి మూయమంటాడు కృష్ణుడు. అహం కరిగాకే పడవ ఒడ్డుకు చేరుతుంది. యమున పోటెత్తినప్పటి ‘అల్లకల్లోలము’ పాట సౌరాష్ట్ర రాగం. గండం గడిచాక సంబరంగా ఇంటిదారి పట్టే ‘ఘుమఘుమ’ పాట కూడా సౌరాష్ట్రమే. భయానికి ఏ రాగం పలికిందో ఆనందానికీ అదే పలుకుతోంది! ఈ రెంటి నడుమ గోపికలలో వచ్చిన మార్పును వరసగా విన్నవాడికే ఆ రాగం రెండోసారి వేరుగా వినిపిస్తుంది. బయలుదేరే పాట సురటి, చివరి మంగళమూ సురటే. కథ మొత్తాన్ని చెవిలో పెట్టుకొని స్వరపరిచిన వ్యక్తి పని ఇది. ‘గంధము పుయ్యరుగా’ను పున్నాగవరాళిలో పిల్లలకు నేర్పుతాం. మునిగిపోబోయి బతికి బయటపడ్డవాళ్లు కృష్ణుడికి చేసే సేవ అది అని వాళ్లకు చెబుతున్నామా?

ఇవి భజనగోష్ఠిలో పాడుకోవడానికే రాసినవనీ, నాటకానికి కావలసిన చలనం వీటిలో లేదనీ కొందరంటారు. భజనకే అయితే ప్రహ్లాద భక్తి విజయంలో ద్వారపాలకుడికి కల్యాణి రాగంలో ప్రవేశ దరువు ఎందుకు? ‘వాసుదేవయని’ పాట అతను నడిచి వస్తుండగా అతని రూపాన్ని వర్ణిస్తుంది. నారదుడి రాకకు పంతువరాళిలో మరో పాట. పాత్ర రంగం మీదికి వస్తుంటే దాన్ని పాటతో పరిచయం చేయడం కూచిపూడి కలాపాల్లోనూ, మన వీధి భాగవతాల్లోనూ ఉన్న పద్ధతే. చలనం తక్కువన్న మాటలో కొంత నిజముంది. ప్రహ్లాద భక్తి విజయంలో స్తంభం పగలదు, హిరణ్యకశిపుడి వధ ఉండదు. సముద్రంలోకి తోసేసిన పిల్లవాడి మనసులోని తపనే అక్కడ కథ. అయితే కర్నూలు, కడప పల్లెల్లో తెల్లవార్లూ కూర్చొని హరిశ్చంద్ర కాటిసీను పద్యాలకు ‘వన్స్‌మోర్’ కొట్టే ప్రేక్షకులకు, పాత్ర ఒక్కచోట నిలబడి రాగం తీస్తే విసుగు పుడుతుందని నేను నమ్మను.

పైగా ఈ నాటకాలకు మన సీమతో చుట్టరికం ఉంది. త్యాగయ్య ఇంటిపేరైన కాకర్ల ఊరు కంభం ప్రాంతంలోది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతం కర్నూలు జిల్లాలోనే ఉండేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజం పాటనూ పద్యాన్నీ తరతరాలుగా మోసింది. పాడగల నటులు, వినగల జనం ఇక్కడ ఉన్నారు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు రాళ్ల నడుమ నీళ్లున్నాయి. నౌకాచరిత్రానికి అంతకన్నా మంచి రంగస్థలం కట్టనక్కర్లేదు. జిల్లా సంగీత పాఠశాలలు, పద్యనాటక సమాజాలు కలిసి ఆ 21 పాటలనూ వరుస తప్పకుండా, పద్యాలతో వచనాలతో సహా, ఒక్క రాత్రి అక్కడ ఆడించాలి.