పాట అయ్యాక వినండి

‘పాడుతా తీయగా’ 1996లో ఈటీవీలో మొదలైంది. ఖరగ్‌పూర్‌లో పిల్లలకు పాట నేర్పే నాలాంటివాళ్లకు అది పోటీ కన్నా బడిగానే ఎక్కువ అక్కరకొచ్చింది. పాడబోయే పిల్లలు ముందు సినిమా పేరు, రాసిందెవరు, బాణీ కట్టిందెవరు చెప్పాలి. పాట అయ్యాక ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఏ ఒత్తు జారిందో, ఏ సంగతి తేలిపోయిందో చెప్పి, ఆ ముక్క తానే పాడి వినిపించేవారు. ఆయనా పోటీల్లోంచి వచ్చినవారే. మద్రాసులో ఒక పోటీలో ఆయన గొంతు విన్న సంగీత దర్శకుడు కోదండపాణి 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో పాడించారు.

ఆ దిద్దుబాటు ఎంత విలువైందో మా ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో ఉంటే బాగా తెలుస్తుంది. రైల్వే ఉద్యోగాలకని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతలు వచ్చారు. మనవలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ. తెలుగు చదవడం రాని పిల్లలు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొస్తారు. అందులో ల, ళ ఒకటే. బెంగాలీలో ళ లేనే లేదు. శ, ష, స కూడా చాలావరకు ఒకేలా వినిపిస్తాయి. మొన్న ఒక పాప ‘కళ్లు’ దగ్గర ‘కల్లు’ అని పాడింది. ‘నాలుక మడిచి అంగిలికి తాకించమ్మా’ అన్నాను. నాలుక మడిచేసరికి శ్రుతి జారింది. శ్రుతి పట్టుకునేసరికి ళ పోయింది. చివరికి తాళం, రాగం పక్కన పెట్టి, ఉత్త మాటలే మెల్లగా పలికించి, అవి నోట కుదిరాక బాణీలోకి తెచ్చాను. ‘ఇప్పుడొచ్చిందా పెద్దమ్మా?’ అంది. వచ్చింది.

2004లో హిందీ టీవీలో ‘ఇండియన్ ఐడల్’ వచ్చింది, దాంతోపాటే ఎస్సెమ్మెస్ ఓట్లు. 2006 ఫైనల్లో మన కారుణ్య రెండో స్థానంలో ఆగిపోయినప్పుడు మనసు చివుక్కుమంది. 2010లో శ్రీరామచంద్ర, 2017లో శ్రీకాకుళంలో పుట్టిన రేవంత్ గెలిస్తే గర్వపడ్డాను. 2021లో విశాఖ అమ్మాయి షణ్ముఖప్రియ ఆఖరి ఆరుగురిలో నిలిచింది. ఆ మరుసటి ఏడు ‘ఆహా’లో తెలుగు ఐడల్ కూడా వచ్చింది, వాగ్దేవి గెలిచింది. అందరూ కష్టపడ్డవాళ్లే. కానీ ఓట్లు తక్కువ పడి ఇంటికెళ్లే పిల్లకు తన పాటలో ఏం సరిచేసుకోవాలో ఆ లెక్క చెప్పదు. నాకున్న బాధల్లా అదే.

బాలు గారు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ‘పాడుతా తీయగా’ను ఇప్పుడు ఆయన కొడుకు చరణ్ నడుపుతున్నారు. పిల్లల్ని ఆడిషన్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే. ముందు ఆ పాత ఎపిసోడ్లు పిల్లలతో కూర్చుని చూడండి. పాట అయిపోయిందని ముందుకు జరిపేయకండి, బాలు గారు దిద్దేది ఆ తర్వాతే.