ఏ ఇసవి బండి? – పాత మోటారు సైకిళ్ల పునర్నిర్మాణమును గూర్చి యొక విమర్శ

జీర్ణమైన దానిని తిరిగి నిలబెట్టుటను మన పెద్దలు పుణ్యకార్యములలో నొకటిగా నెంచిరి. దేవాలయము కూలినచో జీర్ణోద్ధారణము, చెరువు పూడినచో పూడికతీత, తాళపత్రగ్రంథము శిథిలమైనచో పాఠపరిష్కరణము – పేర్లు వేరైనను ఈ మూడును ఒకే ధర్మమునకు చెందినవి. ఇటీవల ఈ వరుసలో మోటారు సైకిలు కూడ చేరినది. ఈ మాట విని కొందరు నవ్వవచ్చును. కాని ఆదివారము తెల్లవారుజామున నందికొండ దారిలో నిలిచి చూచినవారికి ఇది నవ్వి విడువదగిన విషయము కాదని తోచును. బెంగళూరునుండి వచ్చు బండ్లలో నడుపువాని తండ్రికంటె వయస్సున పెద్దవి కొన్ని యుండును. వానిలో కొన్ని నిన్ననే కర్మాగారమునుండి వెలువడినట్లు మెరయుచుండును; మరికొన్ని పుట్టినప్పటి రూపము గుర్తింపరానంతగా మార్పబడియుండును. చిక్కబళ్లాపురము, చింతామణి, బాగేపల్లి పట్టణముల మన యువకులును వీరితో కలియుచున్నారు. పరగోడు వంటి గ్రామములలో పశువుల కొట్టమునందు తుప్పుపట్టి పడియున్న బండ్లకు గిరాకి వచ్చినది. కావున ఈ పని యొక్క మంచిచెడ్డలను విచారించుట అవసరము.

సంవత్సరమును మన ప్రాంతపు వాడుకలో ‘ఇసవి’ యందురు. పాత బండిని చూపినంతనే మెకానిక్కు అడుగు మొదటి ప్రశ్న, “ఇది ఏ ఇసవిదప్పా?” అని. కచేరీలో ఏండ్ల తరబడి దస్తరములు తిరుగవేసిన వాడనగుటచే, దేనిని చూచినను ముందు దాని తేదీని చూచుట నాకును అలవాటు. కాని మెకానిక్కు ప్రశ్న వెనుక నున్న వివేకము బండిని కొనువారియందు తరచుగా కానరాదు. వారు పేరు చూచి, ట్యాంకు మెరుపు చూచి, ఇతరుల పొగడ్త విని సంవత్సరమును ఎన్నుకొనుచున్నారు. పునర్నిర్మాణమున జరుగు తప్పులలో పెక్కింటికి మూలము ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

మన రాష్ట్రమున పుట్టిన బండితోనే విచారణ ప్రారంభింతము. చెక్ దేశీయుడగు ఫ్రాంతిషెక్ యానెచెక్ 1929లో జర్మనీ వారి వాండరర్ మోటారు సైకిలును తయారుచేయు హక్కును సంపాదించి, తన పేరులోని మొదటి రెండక్షరములను, ఆ కంపెనీ పేరులోని మొదటి రెండక్షరములను జోడించి ‘జావా’ యను పేరు పెట్టెను. ఆ బండినే రుస్తుం ఇరానీ, ఫారూఖ్ ఇరానీ అనువారు ఐడియల్ జావా సంస్థ పక్షమున 1961 మొదలు మైసూరునందు తయారుచేయింపసాగిరి. కర్మాగారమును ప్రారంభించినవారు అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరగు జయచామరాజేంద్ర ఒడెయరు. నేడు పాత బండ్ల సామానులకై మనవారు బెంగళూరున వెదకు జె.సి. రోడ్డు కూడ ఆయన పేరనే యున్నది. 1973 ప్రాంతమున జావా పేరు పోయి ‘యెజ్ది’ యను పేరు వచ్చినది. ఇది ఇరాన్ దేశపు యజ్ద్ నగరమును తలపించు పేరు. ఆ 1973 నవంబరు 1వ తేదీననే మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది. పేరు మారినను చాసీ, యంత్రము ఒక్కసారిగా మారలేదు. కాలక్రమమున మార్పులు చేరుచు వచ్చి, 1996లో కర్మాగారము మూతపడినది.

ఈ ముప్పదియైదేండ్ల చరిత్రలో ఏ సంవత్సరపు బండిని ఎట్లు తాకవలెనన్నదే మన ప్రశ్న.

మొదటి కాలపు జావా 250ను పరిశీలింపుడు. సిలిండరు వ్యాసము 65 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు. సిలిండరు ఒక్కటే యైనను పొగగొట్టములు రెండు. ఇరువైపుల సమముగా సాగి బండికి నిలుకడగల రూపమును ఇచ్చుచున్నవి. చక్రములు 16 అంగుళములవి. చిన్నవి గనుక బండి నేలకు దగ్గరగా కూర్చున్నట్లుండును. గుండ్రని ట్యాంకుకు ఇరుప్రక్కల క్రోమియపు పలకలు, మోకాళ్లు ఆనుటకు రబ్బరు దిండ్లు. స్పీడు చూపు గడియారము దీపపు తొడుగులోనే ఇమిడియున్నది. అన్నింటికంటె చమత్కారమైనది ఎడమ కాలివద్ద నున్న మీట. స్టార్టు చేయునప్పుడు అదియే కిక్కు. పిదప ముందుకు మడచినచో అదియే గేరు. గేరు మార్చుటకు దానిని నొక్కినపుడు క్లచ్చును కూడ అదియే సడలించును. ఒక అవయవము రెండు మూడు పనులు చేయుచు, దేనికిని అడ్డురాకుండుట ఉత్తమ నిర్మాణమునకు లక్షణము.

పదునొకండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణమనెను. ఆభరణము దాని తావున నున్నప్పుడే ఆభరణము. నడుమున హారమును, కంఠమున మొలనూలును ధరించినచో నవ్వుబాటగును. ఈ కొలతతో జావాపై జరుగు మార్పులను చూడుడు. ఒకరు 16 అంగుళముల చక్రములను తీసి పెద్దవానిని తొడుగుచున్నారు. అప్పుడు మడ్‌గార్డు ఒంపునకును చక్రమునకును పొత్తు పోవును. స్పీడు గడియారము కూడ తప్పు లెక్క చూపును. మరియొకరు రెండు సైలెన్సర్లలో ఒకదానిని తీసివేయుచున్నారు. టూ స్ట్రోకు యంత్రమునకు సైలెన్సరు చప్పుడును అణచు గొట్టము మాత్రమే కాదు; సిలిండరు నిండుటయు ఖాళీయగుటయు దాని కొలతపై ఆధారపడియుండును. చప్పుడు పెరిగి బలము తగ్గిన బండిని చూచి పౌరుషముగల బండియని మురియుట ఔచిత్యభంగమే. ఇంకొకరు చాసీ వెనుక భాగమును కోసి, వెనుక కూర్చుండు తావు లేకుండ చేయుచున్నారు. ఇది ప్రాచీన గ్రంథమున ప్రక్షిప్త పద్యములను చేర్చుట వంటిదికాదు. ఉన్న పద్యములనే చించివేయుట వంటిది. ప్రక్షిప్తమును తరువాతివాడు తొలగింపగలడు గాని, కోసిన చాసీని యథాస్థితికి తెచ్చుట కష్టసాధ్యము.

మా ఎరుకలోనే ఇట్టిది జరిగినది. బాగేపల్లి ప్రాంతమున ఒక కుటుంబమున తాతగారి కాలపు జావా యుండెను. పట్టుగూళ్ల సంచులను శిడ్లఘట్ట సంతకు మోసినది, ఆసుపత్రికి పరుగెత్తినది, ఇంటి పెండ్లిండ్లకు పిలుపులు మోసినది ఆ బండియే. ట్యాంకు, సైలెన్సర్లు, దీపపు తొడుగు అన్నియు మొదటివే. మనుమడు ప్రేమతోనే దానిని బెంగళూరునకు తీసికొనిపోయి, బాబర్ అను పద్ధతిని చేయించెను. తిరిగి వచ్చిన బండి నల్లగా, పొట్టిగా, చూచువారు ఆగి చూచునట్లుండెను. కాని దానిని ఇంటి ముందు నిలిపినప్పుడు ఆ ఇంటి ముసలమ్మ, “ఇది ఎవరి బండి నాయనా?” అని యడిగెను. ఆ పిల్లవానికి ప్రేమ తక్కువయని నేననను. సంవత్సరమును గూర్చి విచారించి చెప్పువారు అతనికి దొరకలేదు. అదే ధనముతో, అదే నేర్పుతో, వేరొక బండిపై ఆ పని చేయించియున్నచో ఆ యింట రెండు బండ్లు నిలిచియుండెడివి.

ఆ వేరొక బండి ఏది? యెజ్ది పేరుతో వెలువడిన తరువాతి కాలపు బండ్లలో దానిని వెదకవలెనని నా మతము. నూనెకు ప్రత్యేకముగా పంపు అమర్చిన ఆయిల్‌కింగ్, 1978లో వచ్చిన రోడ్‌కింగ్, ఆ పిమ్మటి క్లాసిక్, మొనార్క్ మొదలగునవి ఈ తరగతివి. రోడ్‌కింగ్ చక్రములు 18 అంగుళములవి. ఆధునికపు టైర్లు తొడుగగోరువారికి ఇది అనుకూలము. పైగా ఈ కాలపు బండ్లలో ట్యాంకు ఒకచోట, మడ్‌గార్డు వేరొకచోట పోగా, పాత ఇనుము క్రింద అమ్ముడుపోవు స్థితిలో నున్నవి నేటికిని దొరకును. రూపము ముందే పోయినదానికి క్రొత్త రూపము కల్పించుట వలన దేనికిని నష్టము లేదు. శిల్పి స్వేచ్ఛకు తగిన తావు అదియే.

పోలికకై బుల్లెట్టును కూడ చెప్పవలెను. మద్రాసునందు 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ స్థాపితమైనది. 70 మిల్లీమీటర్ల వ్యాసము, 90 మిల్లీమీటర్ల నడకగల ఆ 346 సి.సి. యంత్రము అర్ధశతాబ్దమునకు పైగా స్వల్పమైన మార్పులతోనే సాగినది. పాత బుల్లెట్టున గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండును. 2009 ప్రాంతమున క్రొత్త యంత్రము వచ్చువరకు సామానులు చాలమట్టుకు ఒకదానికొకటి సరిపోవుటచే, మార్పులు చేయించువారికి బుల్లెట్టు ప్రియమైనది. సామాను ఎక్కువగా దొరకునట్టి బండి పొరపాటును క్షమించును. తక్కువగా దొరకు బండి క్షమింపదు. జావా రెండవ తెగకు చెందినది గనుక దానియెడల మరింత జాగ్రత్త కావలెను.

ఇక చట్టము. ఈ విషయమును మన యువకులు చివర చదువుచున్నారు, మొదట చదువవలసినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగా బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే దృఢపరచినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకై ప్రత్యేక నియమములను వెలువరించినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబదియేండ్లు దాటి, మూలరూపముననే యుండి, చాసీ, యంత్రములయందు పెద్ద మార్పులు పొందని బండి ఆ తరగతికి అర్హము. క్రొత్తగా నమోదునకు 20,000 రూపాయలు, మరల నమోదునకు 5,000 రూపాయలు రుసుము, గడువు పదియేండ్లు. నంబరులో ‘వి.ఎ.’ అను అక్షరములు చేరును. అయితే అట్లు నమోదైన బండిని ప్రతిదినము రోడ్డుపై వాడరాదు. ప్రదర్శనలకు, పాత బండ్ల ఊరేగింపులకు, పరిశోధనకు, పెట్రోలు నింపుటకు, మరమ్మతునకు మాత్రమే నడుపవచ్చును.

దీనినిబట్టి సంవత్సరము ఎంత ముఖ్యమో గ్రహింపవచ్చును. 1973కు ముందు రిజిస్టరైన జావాలన్నియు ఏబదియేండ్లు దాటినవే. వానిలో దేనినైన కోసినవాడు ఇనుముతో పాటు దాని గౌరవమును, హక్కును కూడ కోసినవాడగును. 1978లో రిజిస్టరైన బండికి ఆ యర్హత 2028లో గాని రాదు. రోజూ తోటకు, పాలకేంద్రమునకు బండి కావలసినవాడు పురాతన తరగతిని కోరుటలో అర్థము లేదు. సాధారణ రిజిస్ట్రేషనును నిలుపుకొని, చాసీని, యంత్రమును ముట్టక, సీటు, రంగు వంటి వానితో తృప్తి పడుట అతనికి మేలు.

కావున ఎన్నికకు మూడు పరీక్షలను సూచించుచున్నాను. మొదటిది శేషము: బండిపై మొదటి కాలపు భాగములు ఎన్ని మిగిలియున్నవి? ఎక్కువగా మిగిలియున్నచో ఉద్ధరింపుడు, మార్పకుడు. రెండవది పత్రము: ఆర్.సి. పుస్తకములోని చాసీ నంబరు, ఇంజను నంబరు లోహముపై నున్న అంకెలతో సరిపోవుచున్నవా? సరిపోనిచో ఎంత చవకయైనను వలదు. మూడవది ప్రాణము: సిలిండరు ఎన్నిసార్లు బోరు చేయబడినది, ఇంకను బోరునకు తావున్నదా? క్రాంకు సీళ్లు గాలి పీల్చుచున్నవా? టూ స్ట్రోకు యంత్రమున సీలు సడలి గాలి ఎక్కువైనచో పెట్రోలు పలుచనై, వేడి హెచ్చి పిస్టను పట్టివేయును. నేటి పెట్రోలులో ఇరువదిపాళ్ల వరకు ఇథనాలు కలియుచుండుటచే, కార్బురేటరులోని పాత రబ్బరు భాగములను ముందే మార్పించుట మంచిది. ఈ మూడు పరీక్షలు ముగిసిన పిదపనే రంగును గూర్చి మాటాడవలెను.

క్రొత్తదనము కూడదని నా వాదము కాదు. పాత కథను తీసికొని క్రొత్త కావ్యము వ్రాయుట మన కవులకు పరిపాటియే. కాని వారు మూలగ్రంథపు ఆకులను చింపి తమ కావ్యమును వ్రాసికొనలేదు. మూలము నిలిచియున్నది, క్రొత్తదియు నిలిచినది.

ఈ సంచికను చదువు కుటుంబములవారు ఈ సరిహద్దు ప్రాంతమున తరతరములుగా నున్నవారు. మన తెలుగులో కన్నడపు మాటలు చేరినవి. ఊరి పత్రములు కన్నడములో నడచుచున్నవి. రాష్ట్రపు పేరు మారినది. 2007లో జిల్లా పేరును కోలారు పోయి చిక్కబళ్లాపురమైనది. ఇన్ని మారినను ఇంటిలోని మాట నిలిచియున్నది. చెక్ దేశపు చాసీతో మైసూరున పుట్టి, మధ్యలో పేరు మార్చుకొని, మన పొలముగట్లపై తిరిగిన ఆ బండి మనకు పరాయిది కాదు. కొట్టములో నున్న దానిని కొన వచ్చినవానికి అప్పగించుటకు గాని, మనుమని కోరికపై కోయించుటకు గాని ముందు, పెట్టె తెరచి ఆర్.సి. పుస్తకమును వెలికితీసి, మొదటి రిజిస్ట్రేషను తేదీని ఇంటిల్లిపాదియు కలిసి చదువుకొనవలెనని నా మనవి.