ఎదురుకాళ్ళ వైద్యం

మొన్న ఫ్లైఓవర్ దిగుతుంటే పక్కపక్కనే రెండు హోర్డింగులు. ఒకదాని మీద 'ఆపరేషన్ లేకుండానే నడుంనొప్పి మాయం'. రెండోదాని మీద 'చిన్న గాటుతో డిస్క్ ఆపరేషన్, మర్నాడే ఇంటికి'. రెండింటి మీదా అదే తెల్లకోటు, అదే నవ్వు. నడుముకి బెల్టు కట్టుకున్న ఒకాయన ఆటోలోంచి తల బయటపెట్టి రెండూ శ్రద్ధగా చదువుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా చాదస్తాలు తెలిసినవే. కూర్చుంటే లేవనివ్వని సోఫాలనీ, నేల మీద బాసింపట్టు వేసుకోలేని కుర్రకారునీ ఇక్కడ తిట్టినంతగా ఇంకెవరూ తిట్టి ఉండరు. కత్తి దాకా వెళ్ళకుండా ఆగమనడం కూడా నా పాతపాటే. దానికి మూలం మా నాయనమ్మ నడుము.

ఆవిడకి నడుం పట్టేస్తే డాక్టర్ని కాదు, ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి పిలిచేవాళ్ళు. మా వీధిలో ఆ హోదా కిరాణా కొట్టాయన రెండో కొడుకుది. ఆవిడ వసారాలో చాప మీద బోర్లా పడుకునేది. వాడు గోడ పట్టుకుని నడుము మీద మూడుసార్లు పాదం ఆనించి తన్నేవాడు. "మెల్లిగారా సన్నాసీ, అది నడుము, మీ కొట్టు తలుపు కాదు" అనేది. ఫీజు ఒక సున్నుండ. వారం పది రోజులు తిరిగేసరికి నాయనమ్మ మళ్ళీ బావిలో చేద వేసేది. పేరు మాత్రం వాడికొచ్చేది. నిక్కర్లు తొడుక్కునే వయసులో వాడికున్న గిరాకీ ఊళ్ళో ఆర్‌ఎంపీకి లేదు. పక్కూరి నుంచి ఎడ్లబండి కట్టుకుని వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. వాడి తమ్ముడు తలతో పుట్టినందుకు ఏడ్చేవాడు.

ఇందులో కిటుకేమీ లేదు. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొద్ది వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ లోపల ఎవరు చెయ్యి వేస్తే, లేదా కాలు వేస్తే, ఘనత వాళ్ళదే. బెల్టు, బామ్, ట్రాక్షన్, వేలకు వేలు పోసిన ప్యాకేజీ, అన్నీ ఆ పిల్లాడి వారసత్వమే. ఒకప్పుడు డాక్టర్లు చెక్కబల్ల మీద కదలకుండా పడుకోమనేవారు. 1995లో ఫిన్లాండ్‌వాళ్ళు పోల్చి చూస్తే, మంచం పట్టినవాళ్ళకన్నా ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు.

ఇక ఎమ్మారై. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి తీస్తే 64 శాతం మందిలో ఏదో ఒక డిస్క్ తేడాగా కనబడింది. అందుకే ఎవరైనా "ఎల్4-ఎల్5 బల్జ్ ఉందిటండీ" అని జాతకంలో శనిలా చెబితే, నొప్పి ఎక్కడుందో ముందు చెప్పమంటాను.

నా వాదనకి పెద్ద దన్ను నెదర్లాండ్స్‌లో 2007లో వచ్చిన ఫలితం. ఆరు నుంచి పన్నెండు వారాలుగా సయాటికాతో అల్లాడుతున్న 283 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగిలినవాళ్ళని ఆగమన్నారు. ఏడాదికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. పెళ్ళి విందుల్లో ఈ లెక్క అప్పజెప్పడం నాకు మహా సరదా. కానీ అందులో ఇంకో లెక్క కూడా ఉంది: ఆగమన్నవాళ్ళలో 39 శాతం మంది ఆ ఏడాదిలోనే ఆపరేషన్ చేయించుకున్నారు. ముందే చేయించుకున్నవాళ్ళకి కాలినొప్పి త్వరగా తగ్గింది. పింఛనుదారుడికి నాలుగు నెలలు ఆగడం ఓపిక. లారీ డ్రైవరుకి అది నాలుగు నెలల అప్పు.

మెడ దగ్గరకొచ్చేసరికి నా పాట అసలు చెల్లదు. అక్కడ వెన్నుపామే నలుగుతుంటే నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు మొరాయిస్తాయి. అన్నం కలుపుతుంటే తడబడతాయి. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి బయటపడి, తర్వాత నల్లగొండ పేరుతో లోకమెరిగిన ఫ్లోరోసిస్ ముదిరితే ఎముకలూ లిగమెంట్లూ గట్టిపడి ఇలాగే వెన్నుపామును నొక్కేస్తాయి. అక్కడ మర్దనా, కాపడం ఏం చేస్తాయి? సెలూన్లో మెడ విరిపించుకోవడమైతే ప్రాణంతో చెలగాటమే. ఆపరేషన్ ముఖ్యంగా చేసేది ఇంకా దిగజారకుండా ఆపడం. పోయిన బలమంతా తిరిగొస్తుందన్న పూచీ లేదు, అందుకే తొందర. నడుములోనూ అంతే: మూత్రం బిగబట్టినట్టయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం వేలాడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

వెన్ను మీద కత్తి పడితే కాళ్ళు పడిపోతాయని మన ఇళ్ళలో భయం. వెన్నుపాము నలుగుతుంటే కత్తి పడకపోయినా పడిపోతాయి.

మా వీధిలో రిటైరైన మాస్టారొకరు ఈ వారమే వచ్చారు. సర్జన్ మెడకి ఆపరేషన్ అన్నాడట, నేను వద్దంటానని ధైర్యంగా అడిగారు. చెప్పులు జారుతున్నాయా అన్నాను. రెండు నెలలుగా అన్నారు. చేయించుకోమన్నాను. "మీరు కూడానా?" అని నొచ్చుకున్నారు. దసరా వెళ్ళాక చూద్దామంటున్నారు. ఇంకో సర్జన్ని కూడా అడగండి గానీ పండగ దాకా ఆగొద్దని వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను.