మూడు కెరటాలు

కెనడాలో, హామిల్టన్‌లో మా అమ్మాయి ఇంటికొచ్చి మూడు వారాలైంది. ఈ వారం పోపు పెట్టిన ప్రతిసారీ పొగ అలారం కూసింది. నాలుగోసారి కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేశాను. ఊరికే అరిచే యంత్రాలంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ‘నాన్నా పులి’ కథ వింటూ పెరిగినవాళ్లం.

ఈ ఉత్త కేకల బెడద రాడార్లకీ ఉంది. ఈ ఊళ్లోనే మెక్‌మాస్టర్ యూనివర్సిటీ ఉంది. అక్కడ సైమన్ హేకిన్ బృందం ఐపిక్స్ అనే రాడార్ తయారుచేసింది. నీటిపైకి మీటరైనా లేవని మంచుగడ్డలను పట్టుకోవడం దాని పని. ఓడ చిల్లుపడటానికి అవి చాలు. 1993లో నోవా స్కోషియాలో, డార్ట్‌మత్ దగ్గర, మీటరు వెడల్పు థర్మోకోల్ బంతికి తీగవల చుట్టి సముద్రంలో వదిలి, రాడార్‌ని కనిపెట్టమన్నారు. చిక్కల్లా కెరటాలతోనే. విరిగే కెరటం ఒక్కోసారి బంతికంటే గట్టిగా రాడార్‌కి బదులిస్తుంది. ఆ గందరగోళం వెనక ఓ లెక్క దాగుందని హేకిన్ నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారం చాలదని 2002లో సహచరులతో కలిసి తానే రాశాడు. ఇలాంటి పండితుణ్ని మన దగ్గర వెతకాలంటే వేరే రాడార్ కావాలి.

పదేళ్లప్పుడు భీమిలిలో, మా మేనమామ స్నేహితుడి తెప్ప మీద, “అదిగో పడవ!” అని అరిచాను. తెప్ప నడిపే ఆయన తల తిప్పలేదు. “ఆగరా గుంటడా, మూడు కెరటాలు సూడు. నురగైతే పోద్ది, పడవైతే మళ్లీ లేస్తాది.”

రాడార్ చేసేదీ అదే. కెరటం మెరుపు క్షణంలో ఆరిపోతుంది, వస్తువు ఉన్నచోటే ఉంటుంది. ఒక్క చూపును నమ్మకుండా వరసగా వచ్చిన ప్రతిధ్వనులను కలిపి చూస్తారు. ఎంత గట్టిగా పలికితే ‘ఉంది’ అనాలో ఓ హద్దు గీస్తారు. హద్దు పెంచితే ఉత్త కేకలు తగ్గుతాయి, వాటితోపాటే చిన్న పడవలూ మాయమవుతాయి. అందుకని ఎన్ని ఉత్త కేకలు భరించాలో ముందే ఒప్పుకుని, చుట్టూ ఉన్న హోరును బట్టి హద్దును జరుపుతుంటారు.

ఆ రోజు మూడు కెరటాలు పోయాయి, ఏమీ లేవలేదు. అయినా ఆయన తెప్పని అటే మళ్లించాడు. “ఓపాలి సూసొద్దాం.” అక్కడ నురగ కూడా లేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

రాత్రి బ్యాటరీ మళ్లీ పెట్టాను. మిరపకాయలు వేయించేటప్పుడు కిటికీ తెరవమంది మా ఆవిడ.