సంతను చూసిన లేఖ, గుడిని చూసిన గ్రంథం

1520 అక్టోబరు 30న హెర్నాన్ కోర్టెస్ స్పెయిన్ రాజు చార్లెస్‌కు రాసిన రెండో లేఖ చదివితే, ఆయన చూపు ఎంత నిశితమో ఒప్పుకోక తప్పదు. మెక్సికోలోని ట్లటెలోల్కో సంత మైదానం సాలమాంకా కూడలికి రెండింతలట. రోజూ అరవై వేలమందికి పైగా వస్తారట. పక్షులకో వీధి, మూలికలకో వీధి. రంగురంగుల నూలు చిలపలు చూసి ఆయనకు గ్రెనడా పట్టు బజారు గుర్తొచ్చింది.

అదే లేఖలో ఆ ఏడాది మే నెల దగ్గరికి వస్తే కలం తడబడుతుంది. మెక్సికో నగరంలో తన మనుషులున్న కోట మీద స్థానికులు దాడి చేశారని, నిప్పు పెట్టారని కబురొచ్చిందంటాడు. ఎందుకు తిరగబడ్డారో మాత్రం చెప్పడు. నిజమే, అప్పుడాయన నగరంలో లేడు. తనను పట్టుకోవడానికి క్యూబా గవర్నరు పంపిన నార్వాయెజ్‌ను ఎదుర్కోవడానికి తీరానికి వెళ్లాడు. కానీ తిరిగొచ్చాక, నగరంలో తన బదులు ఉంచి వెళ్లిన అల్వరాడోను కోపంగా నిలదీశాడని ఆయన సైనికుడే బెర్నాల్ దియాజ్ రాశాడు. అంటే, తెలిసే వదిలేశాడు. క్యూబా గవర్నరును ధిక్కరించి వచ్చినవాడు, గెలిచిన నగరాన్ని పోగొట్టుకున్నవాడు, రాజు ముందు తన మనుషుల తప్పు ఎలా ఒప్పుకుంటాడు?

ఆ 'ఎందుకు'కు జవాబు ఫ్లోరెంటైన్ కోడెక్స్ పన్నెండో సంపుటంలో ఉంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసి సహగూన్, మెక్సికో వాసులైన తన శిష్యులతో కలిసి, పెద్దల నోట విన్నది వాళ్ల నహువాటిల్ భాషలోనే రాయించాడు. అది టోష్కాటిల్ పండుగ. ఉపవాసమున్న ఆడవాళ్లు తోటకూర జాతి గింజలు పిండి చేశారు. ఆ పిండితో దేవుడి బొమ్మ చేసి నగలు పెట్టారు. ఆట, పాట జోరందుకున్నాక అల్వరాడో మనుషులు గుడి వాకిళ్లు మూసేశారు. ముందు డోలు వాయిస్తున్నవాడి రెండు చేతులూ నరికారు, తర్వాత తల. కొందరు శవాల మధ్య చచ్చినట్టు పడుకున్నారు. చదువుతుంటే ఆ డోలు ఆగిన క్షణం చెవికి తెలుస్తుంది. ఆ పుటల్లో నన్ను పట్టి ఆపేసేది అదే.

ఈ గ్రంథాన్నీ గుడ్డిగా నమ్మమనను. చెప్పినవాళ్లలో ఎక్కువమంది ట్లటెలోల్కో వాళ్లు. సొంత వీరులను పొగుడుకుంటారు, చక్రవర్తి మోక్తెజుమాను పిరికివాడిగా చూపిస్తారు. ముందే కనిపించాయన్న ఎనిమిది అపశకునాలు ఓడిపోయాక అల్లుకున్నవేననిపిస్తుంది. అయినా వాళ్లు ఎక్కువ చెప్పి తప్పు చేశారు. కోర్టెస్ మింగేసి తప్పు చేశాడు. ఎక్కువ చెప్పినదాన్ని తూచి చూడవచ్చు. మింగేసినదాన్ని ఇంకొకరు చెబితే తప్ప పట్టుకోలేం.

కోర్టెస్ లేఖ 1522లోనే సెవిల్లెలో అచ్చయింది. సహగూన్ పన్నెండో సంపుటం అచ్చులో వెలుగు చూసింది 1829లో.