వీడియో క్రీడలయందలి ప్రస్తావనావిధానము

రూపకకర్తలు ప్రస్తావనను నాటకమునకు ముఖద్వారముగా నేర్పఱచిరి. సూత్రధారుఁడు నటితోనో పారిపార్శ్వికునితోనో మాటలాడుచుఁ గవినామమును గృతినామమును సభకుఁ దెలిపి, తన మాటలోనుండియే కథను బుట్టించి నిష్క్రమించును. అతని నేర్పంతయు నీ నిష్క్రమణమునందే యున్నది. సూత్రధారుని వాక్యమును గాని తదర్థమును గాని గ్రహించి పాత్రము ప్రవేశించినచో నది కథోద్ఘాతమని లాక్షణికులు చెప్పిరి. రత్నావళిలో యౌగంధరాయణుఁడు సూత్రధారుని పలుకునే యందుకొని ప్రవేశించును. శాకుంతలమున సూత్రధారుఁడు నటి పాటకుఁ దాను వశుఁడైన తీరును, లేడివెంటఁ బడిన దుష్యంతుని తీరుతోఁ బోల్చి రాజును రంగమునకుఁ దెచ్చును. ప్రస్తావన యెచ్చట ముగిసినదో కథ యెచ్చట మొదలైనదో సామాజికుఁడు గీఁత గీచి చూపఁజాలఁడు. ఈ కొలఁబద్దతో నేఁటి వీడియో క్రీడల యారంభభాగములను బరీక్షించుట యీ వ్యాసమునకు విషయము.

నాటకమునకును గ్రీడకును భేద మొకటి కలదు. నాటకమునఁ బ్రేక్షకుఁడు చూచువాఁడు మాత్రమే. క్రీడయం దాతఁడే చూచువాఁడు, ఆతఁడే పాత్రధారి. రంగముపైఁ గాలిడిన క్షణముననే నడచుట, ఎగురుట, తలుపు తెఱచుట మున్నగు పనులను దన వ్రేళ్లతోఁ జేయవలసినవాఁడు. ఏ మీట నొక్కిన నేమి జరుగునో యెఱుఁగనివానికిఁ గథ యెంత గొప్పదైనను మూసిన పుస్తకమే. కావునఁ గ్రీడారంభము రెండు భారములను మోయవలసియున్నది. మొదటిది కరణశిక్ష, అనఁగా మీటలకును జేష్టలకును గల సంబంధమును దెలుపుట. రెండవది కథాసూచన, అనఁగా దా నెవ్వఁడు, ఎచ్చట నున్నాఁడు, ఎందులకుఁ బోరాడుచున్నాఁడు అను ప్రశ్నములకు సమాధానము. ఈ రెండింటిని నిర్వహించు భాగమునకే ట్యుటోరియల్ అని వ్యవహారము. ఇవి రెండును నేకమైనచోఁ గృతి శోభించును. వేఱువేఱైనచో నొకటి పాఠశాలగాను వేఱొకటి పురాణశ్రవణముగాను మిగులును.

తొలినాళ్లలో నీ చిక్కును దీర్చుటకుఁ గ్రీడను సులభము చేయుటయే యుపాయమయ్యెను. 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ యనువారు కల్పించిన కంప్యూటర్ స్పేస్ అను నాణెపుయంత్రమునకు మీటలు పెక్కు, సూచనలు దీర్ఘములు. ఊరక యాడిపోవచ్చినవానికి వానిని జదువు నోపిక లేకపోయెను. 1972లో వెలువడిన పాంగ్ అను క్రీడకుఁ ద్రిప్పుటకుఁ బిడి యొక్కటే. యంత్రముపై వ్రాసిన రెండుమూఁడు పొట్టివాక్యములే చాలెను. క్రీడలు గృహములకుఁ జేరిన పిదపఁ గథయు మీటలును బెరిగినవి. వానిని వివరించు భారము పెట్టెతో వచ్చు చిన్న పుస్తకముపైఁ బడినది. 1985లో నింటెండో సంస్థవారు ప్రకటించిన సూపర్ మారియో బ్రదర్స్ అను క్రీడకుఁ గథ కలదు: పుట్టగొడుగుల రాజ్యము, మాయచే రాళ్లును నిటుకలునైన ప్రజలు, చెఱలోనున్న రాజకుమారి. కాని యిదంతయుఁ బుస్తకమునఁ జెప్పఁబడినదే గాని తెఱపై నారంభమున నొక్క మాటయు లేదు.

కథ సంగతి యట్లుండఁగాఁ గరణశిక్షయం దా క్రీడ యుత్తమోత్తమము. దాని మొదటి ఘట్టమును షిగేరు మియమోటోయుఁ దకాషి తెజుకాయుఁ గూర్చిన క్రమము పరిశీలింపఁదగినది. మారియో తెఱకు నెడమవైపున నిలిచి కుడివైపు చూచుచుండును. ఎదుట నంతయు బయలు. ఎటు పోవలయునో చెప్పనక్కఱలేదు. కొన్ని యడుగులు నడచునప్పటికి బొమలు ముడిచిన చిన్నజీవి యెదురువచ్చును. దానిఁ దాఁకినఁ జావు. కాని మొదటికి మఱలుటచే నష్టము కొలఁదియే. రెండవమాఱు వెఱచి యెగిరినవాఁడు దానిపైఁ బడి దానిని నలుపుటయో, పైనున్న ప్రశ్నచిహ్నపుఁ బెట్టెను దాఁకి నాణెమును బడయుటయో జరుగును. పిమ్మట వేఱొక పెట్టెనుండి పుట్టగొడుగు వెలువడును. ఆటకాఁడు దానిని గూడ శత్రువని తప్పించుకొనఁజూచును. అది కుడికిఁ బోయి గొట్టమును దాఁకి యాతనిపైకే మఱలివచ్చును; నెత్తిమీఁది యిటుక లెగిరి పాఱిపోనీయవు. అది దాఁకినంతనే మారియో పెద్దవాఁడగును. అది మేలుచేయు వస్తువని యొక్క యక్షరము లేకయే తెలిసినది. ఘట్టాంతమునకు సమీపమున మెట్లజంటలు రెండున్నవి: మొదటిదాని నడుమ నేల, రెండవదాని నడుమ నగాధము. తప్పినను బ్రదుకఁదగుచోట నభ్యాసము, పిదపఁ బరీక్ష. సదుపాధ్యాయుని పద్ధతి యిదియే.

ఇచ్చట నొక పూర్వపక్షము. సంగీతాభ్యాసకుఁడు సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు నేర్చిన పిదపనే కదా కృతి నారంభించును. అట్లే శిక్షను వేఱుగా ముందు నిలుపుట దోషమెట్లగును? అని. సమాధానము: సరళీవరుసలు పాడువాఁడు విద్యార్థి, క్రీడ నాడఁబూనినవాఁడు రసమునకై వచ్చిన సామాజికుఁడు. వానిని వాకిట నిలిపి యక్షరాభ్యాసము చేయించుట రసభంగహేతువు. చదరంగమువలె నియమబాహుళ్యము గల క్రీడలకు వేఱుపాఠము తప్పదనుట నిజమే. కథాప్రధానములైనవానికి మాత్ర మిది యొప్పదు. అడుగడుగున నాటను నిలిపి మీటల పేళ్లు వ్రాసి చూపు నలవాటును 2013లో ఫార్ క్రై 3: బ్లడ్ డ్రాగన్ అను క్రీడ హాస్యవస్తువుగాఁ జేసికొనినది. హాస్యమునకుఁ బాత్రమైనంత బహుళముగా నా దోషము వ్యాపించెనన్నమాట.

కథలోఁ జేర్చినంతమాత్రమున శిక్ష సఫలమగునని తలంపరాదు. 1999 నాఁటి డ్రైవర్ అను క్రీడ దీనికి నిదర్శనము. అందుఁ గథానాయకుఁడు వేషము మాఱ్చిన రక్షకభటుఁడు. దొంగలముఠాకుఁ దన సారథ్యమును నిరూపింపవలసినవాఁడు. కావునఁ బరీక్ష కథలోనిదే, సంధానము యుక్తమే. కాని భూగర్భమున బండ్లు నిలుపు చోట 60 సెకనులలోఁ బెక్కు విన్యాసములు చేసి చూపవలయును; వాని పేళ్లు తెఱపైఁ గానవచ్చునే గాని చేయుతీరు నా పరీక్ష బోధింపదు. నేర్పకమున్నే పరీక్షించు గురువునొద్ద శిష్యుఁడు నిలువఁడు. ఆ వాకిటనుండియే వెనుదిరిగినవారు కలరు.

సంధానమును గ్రమమును రెండును గల కృతి 2007లో వాల్వ్ సంస్థవారు ప్రకటించిన పోర్టల్. నాయికయైన చెల్ గాజుగదిలో మేల్కొనును. గ్లాడోస్ అను నదృశ్యమైన యంత్రస్వర మామెను బరీక్షలకుఁ బిలుచును. గోడయందొక ద్వారము పుట్టును. దానిగుండఁ జూచిన నాయికకుఁ దన రూపమే కానవచ్చును. ఒక ద్వారమునఁ జొచ్చినవారు వేఱొక ద్వారమున వెలువడుదురను క్రీడాసూత్రమును, తానెవ్వరను కథాంశమును నొక్క చూపులోనే తెలిసినవి. తొలుత ద్వారములు తమంతనే తెఱచుకొనును. పిదప నొక్క ద్వారమును మాత్రమే సృష్టించు నుపకరణము లభించును. 11వ గదిలో రెండవదానిని సృష్టించు శక్తి చేకూఱును. వర్ణములు, గుణింతములు, పదములు అను బడిక్రమమే యిది.

విశేషమేమనఁగా, ఇందు నేర్పు స్వరమే ప్రతినాయిక. సూత్రధారుఁడు నిష్క్రమింపక కథలోఁ బాత్రమై నిలిచినాఁడు. 17వ గదిలోఁ దోడుగా నిచ్చిన పెట్టెను దహనయంత్రమున వేయుమని గ్లాడోస్ యాజ్ఞాపించును. ఆటకాఁడు మనసు నొచ్చియుఁ జేయును. కడపటి పోరున గ్లాడోసునుండి రాలిన గోళములను దహనయంత్రముననే వేయవలసియుండును. శోకఘట్టమే శిక్షాఘట్టమైనది. 19వ గది తుదను బహుమానమునకు మాఱుగా నగ్నిగుండ మెదురగును. నాయిక నెక్కించుకొనిన పలక మంటలలోనికిఁ బోవుచుండఁ దప్పించుకొను మార్గమును జెప్పువారు లేరు. అంతవఱకు నేర్చిన విద్యయే దిక్కు. గురువిచ్చిన విద్యతో గురువు చేతినుండియే బయటపడుట యీ కృతికి వస్తువు.

అయినను లోపము లేకపోలేదు. గ్లాడోస్ పలుకులలోని వక్రోక్తి యంతయు మాటలయందున్నది; భాష యెఱుఁగనివానికి శిక్ష దక్కును, కథ చాలవఱకు జాఱిపోవును. ఇది సామాన్యమైన లోపము కాదు. 1990ల దశకమున నింటెండో యంత్రమునకు ననుకరణములైన యంత్రములు తెలుగునాఁట నిండ్లకు వచ్చినపుడు ఆంగ్ల మెఱుఁగని బాలురును, పుస్తకమును జూడని బాలురును మారియో నాడఁగలిగిరి. ఆ వాకిలి మాటలతోఁ గట్టినది కాదు. మాటలతోడి వాకిలి యా మాటలు తెలిసినవారికే తెఱచుకొనును.

కథాసూచనయు మాటల నాశ్రయింపక జరుగఁగలదా? 2004 నాఁటి హాఫ్-లైఫ్ 2 లో నొక చిన్నఘట్టము సమాధాన మిచ్చుచున్నది. నాయకుఁడు రైలు దిగి నగరమునఁ బ్రవేశించుచుండఁ గావలిభటుఁడు త్రోవ కడ్డుపడి, రేకుడబ్బా నొకదానిని నేలఁ బడవేసి, దానినెత్తి చెత్తకుండిలో వేయుమని శాసించును. మాట తెలియకున్నను జేష్ట చాలును. వంగి యెత్తినవాఁడు వస్తువుల నెత్తుట, పడవేయుట నేర్చెను. అదే క్షణమున నా నగరమున బ్రదుకు నెట్టి యవమానములో నున్నదో యెఱిఁగెను. డబ్బాను భటునిపైకే విసరినవాఁడు దెబ్బలు తినును. ధిక్కారమునకు వెల యెంతయో వానికిఁ దెలిసినది. ఆజ్ఞ, శిక్ష, కథ మూఁడు నొక్క రేకుడబ్బాలో నిమిడినవి.

కావున నిట్లు నిర్ణయింపవచ్చును. మారియో కరణశిక్షయందు గొప్పది, కథాసూచనయందుఁ గొఱఁత గలది. పోర్టల్ రెండింటిని జేర్చినది, కాని భాషకు బద్ధమైనది. హాఫ్-లైఫ్ 2 లోని యా ఘట్టము చిన్నదయ్యు లక్షణమునకుఁ బూర్ణమైన లక్ష్యము. క్రొత్తవాని నజ్ఞునిగాఁ జూడక యతిథిగాఁ జూచిన కర్త వాకిట నుపన్యసింపఁడు. చేయి చాఁచి లోనికిఁ గొనిపోవును. లోనికి వచ్చిన యతిథి తాను గడప నెప్పుడు దాఁటెనో యెఱుఁగకుండుటయే ప్రస్తావనకుఁ బరమప్రయోజనము.